నలుపు కింద ఉన్న తెలుపు

కట్టెల పొయ్యి మీద అన్నం వండిన గిన్నెను ఒకసారి బోర్లించి చూడండి. అడుగంతా మసి. ఆ మసి మీద గోటితో ఒక గీత గీస్తే లోపలి లోహం తెల్లగా మెరుస్తుంది. గిన్నెలు తోమమంటే తోమకుండా వాటి అడుగున పువ్వో పిట్టో గీసి తల్లిచేత చీవాట్లు తినే పిల్లలు మన పల్లెల్లో కొత్త కాదు. ఆ పిల్లలకు తెలియదు గాని, వాళ్లు చేసే పనికి చిత్రకళలో ఒక పేరున్నది. అమెరికాలో దానిని స్క్రాచ్‌బోర్డు అంటారు, ఇంగ్లాండులో స్క్రేపర్‌బోర్డు అంటారు. ఆ కళను గురించీ, దానిని చేతపట్టి బ్రతికిన ఒక రైతుబిడ్డను గురించీ ఈ నెల మన పాఠకులకు చెప్పాలని మాకు అనిపించింది.

మామూలుగా బొమ్మ గీసేటప్పుడు మనం తెల్ల కాగితం మీద నల్ల గీతలు గీస్తాము. అంటే చీకటి ఎక్కడ ఉన్నదో అక్కడ చేయి పెడతాము. వెలుగును గీయనవసరం లేదు, కాగితమే వెలుగు. స్క్రాచ్‌బోర్డులో ఇది పూర్తిగా తిరగబడుతుంది. గట్టి అట్ట మీద చైనా క్లే అనే మెత్తని తెల్లమన్నును జిగురుతో కలిపి పూత పూస్తారు. అది ఆరి నున్నబడిన తరువాత దాని మీద నల్లని ఇండియన్ ఇంకు పూస్తారు. ఇప్పుడు చిత్రకారుని ముందు ఉన్నది ఒక నల్లని పలక. పదునైన మొనతో గీకిన చోట సిరా లేచిపోయి కిందనున్న తెల్లమన్ను బయటపడుతుంది. పిల్లి వీపు మీద వెలుగు పడితే, ఆ వెలుగు పడిన వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీకాలి. నీడలో ఉన్న కడుపు భాగాన్ని ముట్టుకోనే కూడదు. ఎక్కడ చేయి పెట్టాలో తెలిసినంత బాగా ఎక్కడ పెట్టకూడదో తెలిసి ఉండాలి. కొత్తవాళ్లు చెడగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. గీకేకొద్దీ సరదా పుట్టి, నలుపంతా గీకేసి, చివరకు బూడిదరంగు ముద్ద మిగుల్చుకుంటారు.

తాటాకు మీద ఘంటంతో వ్రాసిన మన పెద్దల పద్ధతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆకును ఉడికించి, ఆరబెట్టి, ఇనుప ఘంటంతో అక్షరాన్ని గీరేవారు. గీరినప్పుడు అక్షరం సరిగా కనబడదు. తరువాత దీపపు మసి రుద్ది, పైది తుడిచివేస్తే గీతల్లో నిలిచిన మసి అక్షరమయ్యేది. ఒడిశాలో పూరీ దగ్గరనున్న రఘురాజపురంలో నేటికీ తాటాకు మీద ఇలాగే బొమ్మలు గీస్తున్నారు. తాటాకు మీద గీరిన తరువాత మసి వస్తుంది, స్క్రాచ్‌బోర్డు మీద మసి ముందు వస్తుంది, గీకడం తరువాత. రెంటిలోనూ చేతిలో ఉన్నది మాత్రం కుంచె కాదు, మొన. కుంచె రంగును తెచ్చి పెడుతుంది, మొన ఉన్నదానిని తీసివేస్తుంది.

ఈ కళ పందొమ్మిదవ శతాబ్దంలో పుట్టింది. పుట్టినది అందం కోసం కాదు, అచ్చుపని కోసం. దాని వెనుక కథ తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి, చెక్క బ్లాకుల కాలానికి వెళ్లాలి.

1753లో ఇంగ్లాండు ఉత్తర భాగంలో, టైన్ నది ఒడ్డున చెర్రీబర్న్ అనే పొలంలో థామస్ బ్యూయిక్ పుట్టాడు. బడికి పంపితే పలక మీద లెక్కలకు బదులు బొమ్మలు వేసేవాడు. పలక చాలక గ్రామంలోని సమాధి రాళ్ల మీద, చర్చి గుమ్మంలోని నేల మీద సుద్దముక్కతో గీసేవాడు. ఇంటికి వస్తే పొయ్యి ముందరి రాళ్లు కూడా మిగలలేదు. ఈ సంగతులన్నీ ఆయనే తన జ్ఞాపకాలలో వ్రాసుకున్నారు. 1767లో న్యూకాజిల్ పట్టణంలో ఒక చెక్కడపు పనివాని దగ్గర శిష్యునిగా చేర్పించారు. అంతకుముందు చెక్క బ్లాకులంటే పలకను నిలువుగా కోసి, కత్తితో చెక్కే మోటుపని. బ్యూయిక్ బాక్స్‌వుడ్ అనే గట్టి చెట్టు మానును అడ్డంగా కోసిన ముఖం మీద, లోహం చెక్కే సన్నని ఉలితో చెక్కారు. చెక్కిన గీత అచ్చులో తెల్లగా వస్తుంది, మిగిలినది నల్లగా వస్తుంది. నలుపులో నుండి తెలుపును తీసే ఈ పద్ధతిని అంత గొప్ప స్థాయికి తెచ్చినవారు ఆయనే. 1790లో నాలుగుకాళ్ల జంతువుల పుస్తకం, 1797లోనూ 1804లోనూ బ్రిటన్ పక్షుల పుస్తకాలు రెండు సంపుటాలుగా వెలువడ్డాయి. పల్లెటూరి మనుషులు తమ చేలగట్ల మీద తిరిగే పిట్టలను పుస్తకంలో సరిగ్గా అలాగే చూసుకున్నారు.

అయితే ఆ పని సామాన్యమైనది కాదు. బాక్స్‌వుడ్ చిన్న చెట్టు, బ్లాకు అరచేతిని మించడమే కష్టం. పెద్ద బొమ్మ కావాలంటే ముక్కలను కలిపి బిగించాలి. పైగా అచ్చులో బొమ్మ తిరగబడి వస్తుంది గనుక, కుడిని ఎడమగా ఊహించుకుంటూ చెక్కాలి. ఒక ఈక పొరపాటున తెగితే ఆ బ్లాకు పోయినట్టే.

పందొమ్మిదవ శతాబ్దం చివరికి ఫోటో కెమెరా ప్రెస్సులోకి వచ్చింది. గీతబొమ్మను ఫోటో తీసి, జింకు రేకు మీదకు ఎక్కించి, ఆమ్లంతో కొరికించి బ్లాకు తయారుచేయడం మొదలైంది. మన దేశంలోనూ లెటర్‌ప్రెస్ ఉన్నన్నాళ్లు పత్రికలవాళ్లు బొమ్మల కోసం ‘బ్లాకు’ చేయించుకురావడం పాతకాలపు ప్రెస్సులలో పనిచేసినవారికి బాగా గుర్తుండే ఉంటుంది. ఈ బ్లాకుకు రెండే రంగులు తెలుసు, నలుపు, తెలుపు. మధ్యలో మసకలు ఉండవు. ఫోటోలోని మసకలను అచ్చువేయాలంటే దానిని చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ బ్లాకు కావాలి. నున్నని ఖరీదైన కాగితం మీద ఆ చుక్కలు బాగానే నిలుస్తాయి. చవక న్యూస్‌ప్రింటు మీద సిరా పీల్చుకుని ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మనిషి ముఖం మచ్చగా మారిపోతుంది.

స్క్రాచ్‌బోర్డు అవసరం ఇక్కడ వచ్చింది. చూడటానికి కొయ్య చెక్కడం లాగే ఉంటుంది. మసక ఉండదు, అంతా గీతే. ఎంత నాసి కాగితం మీదనైనా గీత గీతగానే పడుతుంది. తిరగబడి గీయనక్కరలేదు, ఆ పని కెమెరా చూసుకుంటుంది. కావలసినదానికంటే పెద్దదిగా గీసి, ఫోటోలో తగ్గించవచ్చు, అప్పుడు గీతలు మరింత సన్నగా, పదునుగా వస్తాయి. బ్లాకు విరుగుతుందన్న భయం లేదు. తప్పు పోతే కొంచెం సిరా దిద్ది మళ్లీ గీకవచ్చు. కాని ఒకటి రెండుసార్లే. మన్ను పూత పలచబడితే మొన అట్టకు తగిలి పీచు లేస్తుంది, ఇక దానిని దిద్దడం ఎవరితరమూ కాదు. చేతి గడియారాలు, బూట్లు, యంత్రాలు, ఇలా అమ్మకానికున్న వస్తువులెన్నో ఇరవయ్యవ శతాబ్దపు వార్తాపత్రికల ప్రకటనలలో ఈ బోర్డు మీద నుండే వచ్చాయి. అందుచేతనే కళాకారులలో కొందరు దానిని చిన్నచూపు చూశారు. అది చెక్కడానికి నకలు అన్నారు, వ్యాపారపు పని అన్నారు. ఈ మాటలో ఎంత నిజమున్నదో, ఇప్పుడు చెప్పబోయే మనిషి పనిని చూసి పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

చార్లెస్ టన్నిక్లిఫ్ 1901లో ఇంగ్లాండులోని చెషైర్ ప్రాంతంలో, మాక్లెస్‌ఫీల్డ్ పట్టణానికి దగ్గరగా ఉన్న లాంగ్లీలో పుట్టారు. పెరిగినది పక్కనే సటన్ అనే ఊరిలోని పొలం మీద. పాడి, గడ్డి, గుర్రాలు, పందులు, కోళ్లు, వాటి మధ్యనే బాల్యమంతా. ఆ పొలంలో చెక్క కొట్టాలు ఉండేవి. కొయ్య పుచ్చకుండా వాటికి నల్లని తారు నూనె పూసేవారు. ఆ నల్లని గోడలే ఈ పిల్లవాని మొదటి కాగితం, సుద్దముక్కే మొదటి కలం. నూటయాభై ఏళ్ల తేడాలో పుట్టిన ఇద్దరు రైతుబిడ్డలు, ఇద్దరి చేతిలోనూ సుద్దముక్క! టన్నిక్లిఫ్ తరువాత జీవితమంతా నలుపు మీద తెలుపు గీస్తూ గడిపారంటే, అది ఆ కొట్టాం గోడల దగ్గరే మొదలైందని మేము అనుకుంటాము.

‘బొమ్మలు గీస్తే అన్నం పెడతాయా?’ అన్న మాట మన ఊళ్లలో ఎంత వినబడుతుందో వేరే చెప్పనక్కరలేదు. వ్యవసాయం చేసే ఇంట్లో ఒక జత చేతులు తగ్గడం అంటే అది తేలికైన విషయం కాదు. ఊరి బడి ప్రధానోపాధ్యాయుడు ఆ కుర్రవాని చేతిని గమనించి, మాక్లెస్‌ఫీల్డ్‌లోని చిత్రకళాశాలకు పంపమని తల్లిదండ్రులకు చెప్పారు. వాళ్లు ఒప్పుకున్నారు. పద్నాలుగేళ్ల వయసులో అక్కడ చేరిన కుర్రవాడు పొలం పనిని మాత్రం వదలలేదు. 1921లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు స్కాలర్‌షిప్ వచ్చింది. లండన్ చేరాక ఆయన గీసినది ఏమిటి? సటన్ పొలమే. గుర్రాన్ని పట్టుకున్న మనిషి, పందిని కోసే రోజు, గడ్డివాము. రాగి రేకు మీద ఆమ్లంతో తయారుచేసే ఎచింగులుగా వాటిని చేశారు. ఆ రోజుల్లో ఎచింగులు కొనే ధనవంతులు చాలామంది ఉండేవారు.

1929లో ఆయన పెళ్లి చేసుకున్నారు. భార్య విన్‌ఫ్రెడ్ కూడా అదే కళాశాలలో చదువుకున్న చిత్రకారిణి. అదే సంవత్సరం అమెరికా షేర్ల బజారు కూలింది, దాంతో ఎచింగులు కొనేవారు మాయమయ్యారు. కొత్త కాపురం, చేతిలో గొప్ప విద్య, కొనేవాడు లేడు. పశువుల దాణా ప్రకటనలకు ఆవులనూ పందులనూ గీసి ఇల్లు గడుపుకున్నారు. ఆ పని చేయడానికి ఆయన సిగ్గుపడలేదు. ఆవును ఆయన గీసినట్టు గీయగలవారు ఎందరున్నారు?

దారి చూపినది విన్‌ఫ్రెడ్. హెన్రీ విలియమ్సన్ వ్రాసిన ‘టార్కా ది ఆటర్’ అనే నీటికుక్క కథ 1927లో వచ్చింది. దానికి నీవు బొమ్మలు వేస్తే బాగుంటుందని ఆమె భర్తకు చెప్పింది. ఆయన నమూనాలు వేసి ప్రచురణకర్తలకు పంపారు. బొమ్మలతో కూడిన పుస్తకం 1932లో వెలువడింది. ఆ బొమ్మలు కొయ్య మీద చెక్కినవి. వాటితో పేరు వచ్చింది, పేరుతో పాటు పని వచ్చింది. పని పెరిగేసరికి కొయ్య బ్లాకుతో సాగలేదు. ప్రచురణకర్తలకు తొందర, బ్లాకుకు రోజులు పడుతుంది. అప్పుడు టన్నిక్లిఫ్ స్క్రేపర్‌బోర్డును చేపట్టారు. కొయ్య మీద సంవత్సరాల తరబడి సాధన చేసిన చేయి కనుక, బోర్డు మీద కూడా ఆయన గీత చెక్కినట్టే ఉంటుంది. కొంగ ఈకలకు ఒక రకం గీత, నీటి అలకు మరొక రకం, దున్నిన మట్టిపెళ్లకు ఇంకొక రకం.

తరువాత రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇంగ్లాండులో కాగితానికి రేషన్ పెట్టారు. పుస్తకాలకు దొరికినది పలచని నాసిరకం కాగితమే. ఆ కాగితం మీద ఫోటోలు పేలవంగా పడుతుంటే, టన్నిక్లిఫ్ గీకిన పొలాలూ పక్షులూ నిగనిగలాడాయి. 1942లో తన పల్లె జీవితం గురించి తానే వ్రాసి బొమ్మలు వేసిన ‘మై కంట్రీ బుక్’ వచ్చింది. హెచ్.ఇ. బేట్స్, ఆలిసన్ అట్లీ వంటి రచయితల పల్లె పుస్తకాలకు కూడా ఆయనే బొమ్మలు వేశారు. యుద్ధం వలన ఉపాధ్యాయులు కరువైన ఆ రోజుల్లో మాంచెస్టర్‌లోని ఒక బడిలో పాఠాలు కూడా చెప్పారు. బాంబుల కాలంలో చవక కాగితం మీద తమ పొలం, తమ పిట్ట చక్కగా కనబడటం చదివేవారికి ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. చిన్నచూపు చూడబడిన ఆ బోర్డు, ఏ పని కోసం పుట్టిందో ఆ పనిని అప్పుడు నిండుగా చేసిందని మా అభిప్రాయం.

1947లో భార్యాభర్తలు వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవికి మారి, మాల్‌ట్రెత్ అనే చోట సముద్రపు పాయ ఒడ్డున ‘షోర్‌ల్యాండ్స్’ అనే ఇంట్లో స్థిరపడ్డారు. కిటికీలో నుండి చూస్తే నీటిపక్షులే. అక్కడ ఆయన చేసిన ఒక పని గురించి చెప్పక తప్పదు. ఎక్కడైనా చచ్చిన పక్షి దొరికితే తెలిసినవారు ఆయనకు తెచ్చి ఇచ్చేవారు. ఆయన దాని ముక్కునూ, రెక్కనూ, కాలి వేళ్లనూ కొలిచి, ఉన్న సైజులోనే, ఈక తరువాత ఈకగా రంగులతో గీసి పెట్టుకునేవారు. అమ్మడానికి కాదు. మరుసటి నెల ఎవరైనా గుడ్లగూబ బొమ్మ అడిగితే, రెక్కలో ఎన్ని ఈకలో ఊహించి గీయకుండా ఉండటానికి. ముప్పై నలభై ఏళ్లు ఇలా చేశారు. బోర్డు మీద సిరా గీకేటప్పుడు ఆ చేయి తడబడకపోవడానికి కారణం ఆ బీరువాలోని కాగితాలే.

బ్రూక్‌బాండ్ టీ పేరు మన ఇళ్లలోనూ తెలిసినదే. బ్రిటన్‌లో ఆ టీ పొట్లాలలో పిల్లల కోసం చిన్న బొమ్మల కార్డులు పెట్టేవారు. 1950లలోనూ 60లలోనూ వాటిలో పక్షులనూ జంతువులనూ రంగులలో గీసినది టన్నిక్లిఫే. లేడీబర్డ్ వారి పిల్లల పుస్తకాలకు కూడా గీశారు. ఆయన బొమ్మలున్న పుస్తకాలు రెండు వందలకు పైగా ఉంటాయి. 1954లో రాయల్ అకాడమీ ఆయనను పూర్తి సభ్యునిగా ఎన్నుకున్నది. కొలిచి గీసిన ఆ పక్షుల బొమ్మలను 1974లో అదే అకాడమీ ప్రదర్శనకు పెట్టింది. విన్‌ఫ్రెడ్ 1969లోనూ, ఆయన 1979లోనూ కన్నుమూశారు. బొమ్మలన్నీ వేలానికి వెళ్లి తలా ఒక చోటికి చెదిరిపోవలసిన సమయంలో, 1981లో ఆంగ్లెసీ స్థానిక ప్రభుత్వం మొత్తంగా కొన్నది. వాటి కోసం అక్కడ 1991లో ఓరియెల్ ఇనిస్ మోన్ అనే ప్రదర్శనశాల తెరిచారు.

లెటర్‌ప్రెస్ పోయింది, జింకు బ్లాకులు పోయాయి. స్క్రాచ్‌బోర్డు మాత్రం పోలేదు. అమెరికాలో బ్రయన్ పింక్నీ అనే చిత్రకారుడు 1990 నుండి పిల్లల పుస్తకాలలో దీనిని వాడుతూ వచ్చారు. ఆయన తెల్లగా గీకిన గీతల మీద రంగు రుద్ది తుడిచివేస్తారు, మన తాటాకు మీద మసి రుద్దినట్టే. ‘ది ఫెయిత్‌ఫుల్ ఫ్రెండ్’ అనే పుస్తకానికి 1996లో ఆయనకు కాల్డికాట్ గౌరవం దక్కింది. కెనడాలో స్కాట్ మెకోవెన్ నాటకాల పోస్టర్లూ, పాత కథల పుస్తకాల అట్టలూ ఇదే పద్ధతిలో చేస్తున్నారు.

అసలైన బోర్డు మన పల్లెలో దొరకకపోవచ్చు. కాని సండే స్కూలు పిల్లలకు, సెలవుల్లో ఇంట్లో ఉన్న పిల్లలకు దాని తమ్ముడి వంటిది ఒకటి చేసి ఇవ్వవచ్చు. పాత పెండ్లి శుభలేఖ అట్ట తీసుకోండి, అచ్చులేని వైపు కావాలి. దాని మీద మైనపు క్రేయాన్లతో, ముఖ్యంగా పసుపు, నారింజ, గులాబీ వంటి లేత రంగులతో, తెల్లచోటు మిగలకుండా ఒత్తి పూయించండి. పలచగా పూస్తే పని జరగదు. తరువాత నల్ల ఇండియన్ ఇంకులో ఒక చుక్క సబ్బునీళ్లు కలపండి, లేకపోతే మైనం మీద సిరా నిలవక ముత్యాల్లా దొర్లుతుంది. వెడల్పు కుంచెతో పూసి, రాత్రంతా ఆరనివ్వండి. ఒక పూత చాలకపోతే రెండవది వేయవచ్చు. గీకడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్ను చాలు. కాస్త పెద్ద పిల్లలైతే తుమ్మముల్లుతో ఇంకా సన్నని గీత వస్తుంది, కాని పక్కన పెద్దవారు ఉండాలి. గీకినప్పుడు లేచే పొడిని నోటితో ఊదనివ్వకండి, తడి పడితే సిరా చెదురుతుంది. పొడి కుంచెతోనో, మెత్తని గుడ్డతోనో విదిలించాలి.

మొదటి బొమ్మకు మనిషి ముఖం వద్దు. చేప మంచిది. చేప ఆకారాన్ని ఒక్క గీతతో గీయించి, వీపు వైపు నలుపును అలాగే వదిలి, కడుపు వైపుకు వచ్చేకొద్దీ పొలుసులను దగ్గర దగ్గరగా గీకమని చెప్పండి. కన్ను చివరన. ఇంట్లో కొరమీను తెచ్చిన రోజైతే, కూరకు కోయకముందే దానిని పక్కన పెట్టి చూసి గీయించండి.